గుర్రపు మూలకణాలను ఎఫ్‌బీఎస్ లేకుండా పెంచడం: రక్తదానం నుంచి లాట్ పరీక్ష వరకు సమగ్ర మార్గదర్శి

టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) దెబ్బతిన్న గుర్రానికి దాని సొంత మూలకణాలనే పెంచి ఇవ్వాలనుకునే పశువైద్యులూ, ఆ కణాలను ల్యాబ్‌లో సాకే పీజీ విద్యార్థులూ తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ఎఫ్‌బీఎస్ (కణాల పెంపకానికి ల్యాబుల్లో వాడే ఫీటల్ బోవైన్ సీరం) మానేస్తే దాని స్థానంలో ఏ సీసా కొనాలి? చిక్కంతా ఆ ప్రశ్న అడిగే తీరులోనే ఉంది. ఒక సీసా తీసి మరో సీసా పెడితే కణాలు రెండో పాసేజ్‌లోనో మూడో పాసేజ్‌లోనో (నిండిన ఫ్లాస్కు నుంచి కణాలను ఎత్తి కొత్త ఫ్లాస్కులో వేసే దఫాను పాసేజ్ అంటారు) మొండికేస్తాయి. అప్పుడు తప్పు కొత్త సీసాదేనని దాన్ని పక్కన పడేసి మళ్లీ పాత దారికే వెళ్తారు.

చూడి ఆవులను కోసినప్పుడు వాటి కడుపులోని దూడ పిండాల రక్తం నుంచి తీసే సీరాన్నే (గడ్డకట్టాక మిగిలే తేటనే) ల్యాబుల్లో ఎఫ్‌బీఎస్ అంటాం. దాన్ని మానడానికి నైతిక కారణాలు ఉన్నాయి, దిగుమతి అనుమతుల తలనొప్పి ఉంది, ఒక లాట్‌కూ (ఒకే దఫా తయారైన సరుకుకూ) మరో లాట్‌కూ పొంతన ఉండదు. వైద్యానికి వాడే కణాల విషయంలో మాత్రం అసలు కారణం వేరు. ఆవు ప్రోటీన్లు కణాల లోపలికి చేరుకుంటాయి. ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోవు. టీకాల్లో మిగిలిన ఆవు ప్రోటీన్ల వల్ల చాలా గుర్రాల ఒంట్లో ఆవు ఆల్బుమిన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు ముందే తయారై ఉంటాయి. అటువంటి గుర్రానికి కీలులో సొంత కణాలే ఇచ్చినా, వాటి వెంట వెళ్లిన ఆవు ప్రోటీన్ వల్ల కీలు వాచే ప్రమాదం ఉంటుంది.

1. సీరం చేస్తున్న నాలుగు పనులు

మారే ముందు ఈ నాలుగింటినీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క పనిని ఇకపై ఏది చేస్తుందో దాని ఎదురుగా రాయాలి. ఒక్క గడి ఖాళీగా మిగిలినా ప్రయోగం మొదలుపెట్టకూడదు.

- పోషణ, పెరుగుదల: ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే పెరుగుదల కారకాలు, హార్మోన్లు, కొవ్వులు, ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్.
- అంటుకోవడం: కణాలు ప్లాస్టిక్ మీద కాలూనడానికి కావలసిన ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్.
- ట్రిప్సిన్‌ను (కణాలను ప్లాస్టిక్ నుంచి ఊడదీసే ఎంజైమును) ఆపడం: సీరంలోని నిరోధకాలు ట్రిప్సిన్ పనిని క్షణాల్లో నిలిపివేస్తాయి. ఈ సంగతి చాలామందికి గుర్తుండదు.
- కాపు కాయడం: ఆల్బుమిన్ విష పదార్థాలనూ లోహపు అయాన్లనూ పట్టి ఉంచుతుంది, యాంటీబయాటిక్ ఘాటును తగ్గిస్తుంది.

2. మూడు దారులలో ఏది?

మొదటిది చివరి 48 గంటల మార్పిడి. కణాలను ఎప్పటిలాగే ఎఫ్‌బీఎస్‌లో పెంచి, గుర్రానికి ఇవ్వడానికి రెండు రోజుల ముందు మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) తీసేసి, మూడు సార్లు కడిగి, 10 శాతం గుర్రపు సీరం ఉన్న మీడియంలో ఉంచుతారు. ఆ గుర్రం సొంత సీరమైతే మరీ మంచిది. దీనివల్ల కణాల్లోని ఆవు ప్రోటీన్ బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఏర్పాట్లేమీ లేని ల్యాబు రేపటి నుంచే చేయగల పని ఇది. దీన్ని తాత్కాలిక ఏర్పాటుగానే చూడాలి.

రెండోది, చాలా ల్యాబులకు నేను సూచించేది, గుర్రపు ప్లేట్‌లెట్ లైసేట్. అనేక గుర్రాల ప్లేట్‌లెట్లను మంచులా గడ్డకట్టించి కరిగించి పగలగొట్టి, వాటిలోని పెరుగుదల కారకాలను ద్రవంలోకి తెచ్చి, ఆ ద్రవాన్ని కలిపి వాడతారు. ఇదీ జంతువు నుంచి వచ్చేదే. అయితే ఇచ్చే జంతువూ పుచ్చుకునే జంతువూ ఒకే జాతివి, దాత బతికే ఉంటుంది. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దీని గురించే.

మూడోది ఏ సీరమూ లేని నిర్ణీత మీడియం. కాగితం మీద చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు, గుర్రపు కణాలతోనే ఇబ్బంది. దీన్ని 9వ భాగంలో చూద్దాం.

కేవలం గుర్రపు సీరంతో మొదటి నుంచి చివరిదాకా పెంచవచ్చా అని కూడా అడుగుతుంటారు. కణాలను వేరుచేసే దశలో ఫరవాలేదు కానీ, పాసేజ్‌లు పెరిగే కొద్దీ కణాలు నెమ్మదించడం, గుంపులు కట్టి ఊడిపోవడం కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టేటప్పుడు సహజంగా విడుదలయ్యే కారకాలు మాత్రమే సీరంలో ఉంటాయి, లైసేట్‌లో ప్లేట్‌లెట్లను ముందుగా చిక్కబరుస్తాం కాబట్టి అవి ఎక్కువగా ఉంటాయి.

3. దాత గుర్రాల ఎంపిక

ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకునే వీలుండదు. ఒక్క దాతలో ఉన్న వైరస్ ఆ లాట్‌తో పెంచిన కణాలు అందుకునే ప్రతి గుర్రానికీ చేరుతుంది.

అన్నిటికంటే ముందు చూడవలసింది ఈక్వైన్ పార్వోవైరస్ హెపటైటిస్. గుర్రపు రక్తం నుంచి తయారైన మందులు పుచ్చుకున్న తర్వాత కొన్ని గుర్రాలకు కాలేయం దెబ్బతినే థైలర్స్ వ్యాధితో ఈ వైరస్‌కు సంబంధం ఉందని 2018లో వెల్లడైంది. పార్వోవైరస్‌కు కొవ్వు పొర ఉండదు, పరిమాణంలో అత్యంత చిన్నది. 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి అది హాయిగా దాటిపోతుంది, మామూలు వేడికీ లొంగదు. కాబట్టి దాతను పీసీఆర్‌తో పరీక్షించడం తప్ప వేరే రక్షణ లేదు.

భారతదేశంలో దాతలకు కావలసిన పరీక్షల చిట్టా ఇది:

- ఈక్వైన్ పార్వోవైరస్ హెపటైటిస్, ఈక్వైన్ హెపాసివైరస్: పీసీఆర్.
- ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ అనీమియా: కాగిన్స్ పరీక్ష.
- గ్లాండర్స్: దీని నిర్ధారణకు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి నమూనాలు పంపుతారు. పాజిటివ్ వస్తే చట్టప్రకారం అధికారులకు తెలియజేయాలి.
- థైలీరియా ఈక్వి, బబేసియా కబాలి, సర్రా: మూడూ రక్తంలో ఉండే పరాన్నజీవుల వల్ల వచ్చేవే. మన దేశంలో థైలీరియా, సర్రా సాధారణం కాబట్టి, గుర్రం చలాకీగా ఉందన్న ధీమాతో వీటిని వదిలేయకూడదు.
- పూర్తి రక్త పరీక్ష, కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య.

ప్లేట్‌లెట్ల సంఖ్య కోసం రక్తాన్ని ఈడీటీఏ ట్యూబులో కాక సిట్రేట్ ట్యూబులో తీయాలి (రెండూ రక్తాన్ని గడ్డకట్టనివ్వనివే). ఈడీటీఏలో కొన్ని గుర్రాల ప్లేట్‌లెట్లు ముద్దలు కట్టి, సంఖ్య అబద్ధంగా తక్కువ చూపిస్తుంది. సిట్రేట్ ద్రవం కలవడం వల్ల వచ్చే పలచదనానికి ఫలితాన్ని పది శాతం పెంచి లెక్కించుకోవాలి.

గుర్రాల రక్తవర్గాల్లో ఏఏ, క్యూఏ యాంటిజెన్లు లేనివి, ఇతర గుర్రాల ఎర్రకణాలపై యాంటీబాడీలు లేనివి దొరికితే వాటికి మొదటి స్థానం ఇవ్వాలి. పిల్లలను ఈనిన ఆడ గుర్రాలనూ, ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్న గుర్రాలనూ తప్పించడం ఇందుకే. ఈ మధ్యనే టీకా వేసుకున్నవి, నొప్పి మాత్రల మీద ఉన్నవి, టెటనస్ యాంటీటాక్సిన్ పుచ్చుకున్నవి కూడా పనికిరావు. పాముకాటు మందు తయారీకి విషం ఎక్కిస్తున్న గుర్రాల ప్లాస్మా సులభంగా దొరుకుతుంది కదా అని కొందరు అడిగారు. యాంటీబాడీలతో నిండిన ఆ ప్లాస్మా ఈ పనికి తగదు.

కనీసం ఐదు గుర్రాలు, వీలైతే పది. దాతలు పెరిగే కొద్దీ లాట్‌కూ లాట్‌కూ తేడా తగ్గుతుంది. సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి, ప్రైవేటు గుర్రమైతే యజమాని రాతపూర్వక సమ్మతి ముందే చేతిలో ఉండాలి.

4. రక్తం తీయడం

450 కిలోల గుర్రంలో సుమారు 36 లీటర్ల రక్తం ఉంటుంది. ఒక దఫా అందులో పది శాతానికి మించి తీయకూడదు, మళ్లీ తీయడానికి కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. నేను 450 మి.లీ. సంచులు నాలుగింటితో, అంటే 1.8 లీటర్లతో ఆపుతాను. గుర్రానికి అది ఐదు శాతమే, మనుషులకూ ఒక పూటకు సరిపోయే పని.

మెడ మీద జుగులార్ సిర దగ్గర వెంట్రుకలు గొరిగి, క్లోర్‌హెక్సిడిన్‌తో మూడు సార్లు శుభ్రం చేయాలి. చర్మపు ముక్కా, దానితోపాటు సూక్ష్మజీవులూ వచ్చేది మొదటి కొన్ని మిల్లీలీటర్లలోనే కాబట్టి వాటిని పరీక్ష ట్యూబుల్లోకి మళ్లించాలి. సంచిని తక్కెడ మీద ఉంచి, నిండుతున్నంతసేపూ మెల్లగా ఊపుతూ ఉండాలి. సంచిలో ఉన్న, రక్తాన్ని గడ్డకట్టనివ్వని సీపీడీఏ ద్రవం రక్తంతో కలవకపోతే ప్లేట్‌లెట్లు అక్కడికక్కడే మేలుకొని ముద్ద కడతాయి.

సంచులను ఐస్ పెట్టెలో పెట్టకూడదు. చలికి ప్లేట్‌లెట్లు ఆకారం మార్చుకుంటాయి. 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచి, ఆరు గంటల్లో తర్వాతి దశకు వెళ్లాలి. మే నెలలో మన దగ్గర రక్తం తీస్తే బండిలో ఏసీ తప్పనిసరి.

5. ప్లేట్‌లెట్ లైసేట్ తయారీ

మనుషుల రక్తంతో పనిచేసి వచ్చినవారిని ఈ దశ ఆశ్చర్యపరుస్తుంది. గుర్రపు ఎర్రకణాలు నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అతుక్కొని వేగంగా కిందికి దిగుతాయి. సంచిని స్టాండుకు వేలాడదీసి కదపకుండా వదిలితే, పావుగంటలోనే పైన సన్నటి పసుపు గీత కనబడుతుంది. గంటలోపు సంచి పైభాగమంతా ఎండుగడ్డి రంగు ప్లాస్మా, కింద చిక్కటి ఎరుపు. ఆ ప్లాస్మాలోనే ప్లేట్‌లెట్లు తేలుతూ ఉంటాయి. పెద్ద సెంట్రిఫ్యూజ్ లేని ల్యాబు మొదటి స్పిన్‌ను ఈ విధంగా తప్పించుకోవచ్చు.

క్రమం ఇది:

ఒకటి. గంట తర్వాత పై ప్లాస్మాను సంచికి జతగా ఉన్న ఖాళీ సంచిలోకి మెల్లగా నొక్కి పంపాలి. ఎరుపు గీతకు ఒక సెంటీమీటరు పైనే ఆపాలి. నాలుగు చుక్కలు ఎక్కువ రాబట్టాలన్న ఆశతో ఎర్రకణాలను రానిస్తే, తర్వాత అవి పగిలి లైసేట్ గులాబీ రంగుకు తిరుగుతుంది.

రెండు. ఆ ప్లాస్మాను సెంట్రిఫ్యూజ్‌లో 1,500 నుంచి 2,000 జి (గురుత్వబలానికి అన్ని రెట్లు) వేగంతో 15 నుంచి 20 నిమిషాలు గది ఉష్ణోగ్రతలో తిప్పాలి. బ్రేక్ తక్కువగా పెట్టుకోవాలి.

మూడు. పై ప్లాస్మాను చాలావరకు తీసి వేరే ఉంచి, అడుగున ఉన్న ప్లేట్‌లెట్ ముద్దను పావుగంట కదపకుండా వదిలి, తర్వాత కొద్ది ప్లాస్మాలో మెల్లగా కలపాలి. వెంటనే పైపెట్‌తో కలియబెడితే గడ్డలు విడిపోవు.

నాలుగు. ప్లేట్‌లెట్లను లెక్కించి, తీసి ఉంచిన ప్లాస్మాతో సర్ది, మైక్రోలీటరుకు పది లక్షలకు తేవాలి. లాట్లు ఒకే తీరుగా రావడానికి ఈ ఒక్క అంకె చేసినంత మేలు ఇంకేదీ చేయదు.

ఐదు. మైనస్ 80 డిగ్రీల వద్ద రాత్రంతా గడ్డకట్టించి, మర్నాడు 37 డిగ్రీల నీటిలో మంచు కరిగేవరకే ఉంచి, మళ్లీ గడ్డకట్టించాలి. మొత్తం మూడు దఫాలు. సంచి చిట్లితే నీటి తొట్టిలోని మురికి లోపలికి పోతుంది కాబట్టి, దాన్ని జిప్ కవరులో పెట్టి కరిగించాలి.

ఆరు. 4,000 జి వేగంతో 20 నిమిషాలు తిప్పి, ప్లేట్‌లెట్ల పెంకులను అడుగుకు దించి, పై ద్రవాన్ని మాత్రమే తీసుకోవాలి. అన్ని దాతల ద్రవాన్నీ ఇప్పుడు సమాన పాళ్లలో కలపాలి. ప్రతి దాతదీ కొద్దిగా విడిగా దాచి, దాని మీద గుర్రం గుర్తింపు సంఖ్య రాసి పెట్టాలి. ఏడాది తర్వాత ఏదైనా అనుమానం వచ్చినా వెతికి చూసుకోవచ్చు.

ఎంత వస్తుందో ముందే లెక్క వేసుకోవడం మంచిది. మైక్రోలీటరుకు లక్షన్నర ప్లేట్‌లెట్లున్న గుర్రం నుంచి 1,800 మి.లీ. తీసి, సగం ప్లేట్‌లెట్లు దారిలో పోయాయనుకుంటే, పది లక్షల సాంద్రతకు సుమారు 135 మి.లీ. మిగులుతుంది. పది శాతం చొప్పున కలిపితే అది 1.35 లీటర్ల మీడియానికి సరిపోతుంది. ఈ అంకె చూశాకే ఎన్ని గుర్రాలు కావాలో నిర్ణయించుకోవాలి.

6. ఫైబ్రినోజెన్‌ను దారికి తేవడం

లైసేట్ వాడటం మొదలుపెట్టిన కొత్తలో, సాయంత్రం పన్నెండు ఫ్లాస్కులకు మీడియం మార్చి ఇంటికి వెళ్లాను. మర్నాడు ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీసి ఒక ఫ్లాస్కును వంచితే మీడియం కదలలేదు. తోడుకున్న పెరుగులా ఒకే ముద్దగా నిలిచి ఉంది, కణాలు ఆ ముద్దలో చిక్కుకున్నాయి. పన్నెండూ పారబోయవలసి వచ్చింది. గడ్డకట్టనివ్వని మందు హెపారిన్‌ను కలపడం మరచింది నేనే.

జరిగేది ఇది. ప్లాస్మాలో గడ్డకట్టించే ప్రోటీన్ ఫైబ్రినోజెన్ ఉంది. సంచిలోని సిట్రేట్ కాల్షియాన్ని కట్టిపడేసినంతవరకు అది నిద్రలో ఉంటుంది. డీఎంఈఎం అనే మూల మీడియంలో కాల్షియం పుష్కలంగా ఉంటుంది కనుక, రెండూ కలవగానే గడ్డకట్టడం మొదలవుతుంది. పరిష్కారాలు రెండు.

సులువైనది హెపారిన్. మీడియంలో మిల్లీలీటరుకు 2 యూనిట్లు ఉండేలా కలపాలి. మీడియంలో హెపారిన్ ముందు, లైసేట్ తర్వాత; ఈ వరస తప్పకూడదు. 500 మి.లీ. మీడియానికి 1,000 యూనిట్లు, అంటే మిల్లీలీటరుకు 5,000 యూనిట్లున్న సీసా నుంచి 0.2 మి.లీ. ప్రిజర్వేటివ్ కలిపిన సీసాలు వద్దు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది: హెపారిన్ సాధారణంగా పంది పేగు పొర నుంచి వస్తుంది. ఆవును తప్పించి పందిని పిలిచినట్టవుతుంది.

మెరుగైనది ఫైబ్రినోజెన్‌ను ముందే తీసివేయడం. నూరు మి.లీ. లైసేట్‌కు 1 మోలార్ కాల్షియం క్లోరైడ్ స్టెరైల్ ద్రావణం 2 మి.లీ. కలిపితే సుమారు 20 మిల్లీమోలార్ అవుతుంది. 37 డిగ్రీల వద్ద రెండు గంటలు కదపకుండా ఉంచి, తోడుకున్నాక సీసాను గట్టిగా ఊపి గడ్డను ముక్కలు చేసి, రాత్రంతా 4 డిగ్రీల్లో పెట్టాలి. పొద్దునకల్లా గడ్డ ముడుచుకొని, పెరుగు మీద తేటలా ద్రవం వేరుపడుతుంది. 4,000 జి వేగంతో తిప్పి ఆ తేటను తీసుకోవాలి. ఈ రకం లైసేట్‌కు హెపారిన్ అక్కర్లేదు.

గడ్డకట్టడం పూర్తయిందో లేదో తేల్చే పరీక్ష: ఒక మి.లీ. తేటను తొమ్మిది మి.లీ. డీఎంఈఎంలో కలిపి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచాలి. ఉదయం ట్యూబును తలకిందులు చేస్తే నూలుపోగుల్లాంటివి కనిపించకూడదు. కనిపిస్తే ఆ లాట్ మొత్తానికి కాల్షియం దశ మళ్లీ చేయాలి.

7. వడపోత, నిల్వ, లాట్ పరీక్ష

నేరుగా 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌కు ఎక్కిస్తే యాభై మి.లీ. దాటకముందే అది మూసుకుపోతుంది. ముందు 0.8, తర్వాత 0.45, చివర 0.2. యాభై మి.లీ. చొప్పున ట్యూబుల్లో పంచి మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు, 4 డిగ్రీల్లో ఉంచి వారంలో వాడేయాలి.

ఎఫ్‌బీఎస్ అలవాటు కొద్దీ లైసేట్‌ను 56 డిగ్రీల్లో అరగంట వేడిచేసేవారున్నారు. ఫైబ్రినోజెన్ తీయని లైసేట్ ఆ వేడికి విరిగిన పాలలా అవుతుంది. తీసినదాంట్లో కూడా కొన్ని పెరుగుదల కారకాలు తగ్గుతాయి. మీ కణాలు కాంప్లిమెంట్ (కణాలను చంపగల రక్తపు ప్రోటీన్లు) వల్ల చస్తున్నాయని రుజువైతే తప్ప ఈ పని చేయకండి.

లాట్ విడుదలకు ముందు:

- బ్యాక్టీరియా, ఫంగస్ కల్చర్: 14 రోజులు.
- మైకోప్లాస్మా (కల్చర్లను పాడుచేసే అతి చిన్న బ్యాక్టీరియా) పీసీఆర్.
- ఎండోటాక్సిన్ (కొన్ని బ్యాక్టీరియాల గోడలోని విషం) పరీక్ష. గుర్రం ఎండోటాక్సిన్‌కు ఎంత సున్నితమైన జంతువో అశ్వవైద్యులకు చెప్పనక్కర్లేదు.
- కలిపిన ద్రవంపై పార్వోవైరస్ పీసీఆర్ మరోసారి. దాతలు నెగటివ్ అయినా సరే.
- మూడు వేర్వేరు గుర్రాల కణాలతో పెరుగుదల పరీక్ష.

పెరుగుదల పరీక్ష ఇలా: ఆరు గుంటల ప్లేటులో చదరపు సెంటీమీటరుకు 4,000 చొప్పున, అంటే గుంటకు సుమారు 40,000 కణాలు వేయాలి. సగం గుంటల్లో పాత మీడియం, సగం గుంటల్లో కొత్త లాట్. నాలుగో రోజు ఎత్తి లెక్కిస్తే 3,20,000 వచ్చాయనుకుందాం. ఎనిమిది రెట్లు, అంటే మూడు ద్విగుణాలు. 96 గంటలను మూడుతో భాగిస్తే ద్విగుణ కాలం 32 గంటలు. ఇదే కణాలతో వరసగా మూడు పాసేజ్‌లు చేయాలి. మొదటి పాసేజ్‌లో ఏ లాటైనా బాగానే కనిపిస్తుంది, పాత సీరం మిగులు ఇంకా కణాల్లో ఉంటుంది కనుక.

8. కణాలను కొత్త మీడియంలోకి తేవడం

500 మి.లీ. మీడియం పాళ్లు: తక్కువ గ్లూకోజ్ డీఎంఈఎం 440, లైసేట్ 50, గ్లుటమిన్ 5, పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్ 5. అవసరమైతే హెపారిన్.

కణాలు తీయవలసిన ఎముక మజ్జ లేదా కొవ్వు ఇంకా చేతికి రాలేదంటే మీరు అదృష్టవంతులు. వేరుచేసిన మొదటి గంట నుంచే లైసేట్‌లో వేస్తే ఆవు ప్రోటీన్ ప్రసక్తే రాదు. మొదటి మూడు రోజులు ఫ్లాస్కును కదపకూడదు, తర్వాత రెండు మూడు రోజులకోసారి మీడియం మార్చాలి.

ఎఫ్‌బీఎస్‌లో పెరిగి ఫ్రీజర్‌లో ఉన్న కణాలైతే, కరిగించిన రోజునే మీడియం మార్చకూడదు. ఒకేసారి రెండు దెబ్బలు తగులుతాయి. ఒక పాసేజ్ పాత మీడియంలో కోలుకోనిచ్చి, మరుసటి పాసేజ్‌లో నేరుగా లైసేట్‌కు మార్చవచ్చు. నేరుగా మార్చినప్పుడు తట్టుకోని కణాలకు మాత్రం సగం సగం చొప్పున ఒక పాసేజ్ ఇవ్వాలి.

లైసేట్‌లో కణాలు సన్నగా, పొడవుగా, కాస్త చిన్నగా కనిపిస్తాయి. ఫ్లాస్కు మీద వాటి పట్టు కూడా తక్కువ. పూర్తిగా నిండనిస్తే గట్లు గట్లుగా పేరుకొని దుప్పటిలా ఒక్కసారిగా ఊడివస్తాయి. 70 నుంచి 80 శాతం నిండగానే ఎత్తాలి, అది ఆదివారమైనా సరే.

ట్రిప్సిన్ సమయాన్ని పాత అలవాటు ప్రకారం ఐదు నిమిషాలు పెట్టకండి. రెండో నిమిషం నుంచే మైక్రోస్కోపు కింద చూస్తూ ఉండాలి. పంది ట్రిప్సిన్ బదులు సూక్ష్మజీవుల నుంచి తయారైన ట్రిపిల్‌ఈ వాడితే, ఆపడానికి పలచబరిస్తే చాలు.

భద్రపరిచేటప్పుడు కూడా ఎఫ్‌బీఎస్ దొంగదారిన వెనక్కి వస్తుంది. ఆరు వారాలు జాగ్రత్తగా పెంచి, చివరకు 90 శాతం ఎఫ్‌బీఎస్, 10 శాతం డీఎంఎస్‌ఓలో (చలి నుంచి కణాలను కాపాడే రసాయనంలో) దాచినవారిని చూశాను. బదులుగా 90 శాతం గుర్రపు సీరం, 10 శాతం డీఎంఎస్‌ఓ వాడి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచి, ద్రవ నత్రజనిలోకి మార్చాలి.

9. ఏ సీరమూ లేని మీడియం

మార్కెట్‌లో దొరికే సీరం రహిత మీడియాలు ఎక్కువగా మనిషి కణాలకు కూర్చినవి. వాటిలో ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం, ఆల్బుమిన్, ఆస్కార్బేట్, పెరుగుదల కారకాలైన ఎఫ్‌జీఎఫ్-2, పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా వంటివి ఉంటాయి. గుర్రపు కణాలు కొన్నింటిలో పెరుగుతాయి, కొన్నింటిలో అంటుకోనే అంటుకోవు. పెరిగినవాటి ఉపరితల గుర్తులు కూడా మారవచ్చు. కాబట్టి చిన్న ప్యాక్‌తో పరీక్షించకుండా పెద్ద ఆర్డరు పెట్టకూడదు.

మారేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. ఫ్లాస్కు అడుగుకు ఫైబ్రోనెక్టిన్ లేదా విట్రోనెక్టిన్ పూత వేయాలి. పాత మీడియాన్ని 75, 50, 25, 0 శాతాలుగా పాసేజ్‌కు ఒక మెట్టు చొప్పున తగ్గించాలి. యాంటీబయాటిక్‌ను సగానికి తగ్గించాలి, వీలైతే మానేయాలి. ట్రిప్సిన్ వాడితే సోయాబీన్ ట్రిప్సిన్ నిరోధకంతో ఆపాలి. లేకపోతే లెక్కింపులో బతికే ఉన్న కణాలు మర్నాటికి చచ్చి తేలుతాయి.

10. తరచుగా ఎదురయ్యే చిక్కులు

మీడియంలో తెల్లటి పొరలు తేలుతున్నాయి: చాలాసార్లు ఇది ఫైబ్రిన్ లేదా కొవ్వు. మైక్రోస్కోపు కింద కదిలే చుక్కలు లేకపోతే, మీడియం రంగు పసుపుకు మారకపోతే, తిప్పి వడపోసి వాడవచ్చు. అనుమానముంటే పారేయండి.

కణాలు మూడో పాసేజ్‌లో ఆగిపోయాయి: ముందుగా దాత ప్లేట్‌లెట్ల లెక్క తీసి చూడాలి. పది లక్షలకు సర్దకుండా వదిలిన లాట్లలోనే ఇది ఎక్కువ. లైసేట్ శాతం పెంచి చూడటం ఆ తర్వాతి మాట.

ఒక గుర్రం కణాలు మాత్రమే పెరగడం లేదు: ఇది లాట్ తప్పు కాకపోవచ్చు. ముసలి గుర్రాల మజ్జ కణాలు ఏ మీడియంలోనైనా నిదానమే. కొవ్వు కణాలతో ప్రయత్నించండి.

లైసేట్ గులాబీ రంగులో ఉంది: ఎర్రకణాలు పగిలాయి. లేత గులాబీ అయితే పెరుగుదల పరీక్షకు వదిలి చూడవచ్చు, ముదురు ఎరుపును వాడకూడదు.

11. గుర్రానికి ఇచ్చే ముందు

మీడియం మారింది కాబట్టి కణాల గుర్తింపు మళ్లీ రుజువు చేయాలి. ఉపరితల గుర్తుల్లో సీడీ29, సీడీ44, సీడీ90 ఉండాలి, సీడీ45 ఉండకూడదు. మనిషి కోసం తయారైన యాంటీబాడీలు కొన్ని గుర్రపు కణాలను పట్టవు. సీడీ73 దగ్గర ఈ చిక్కు తరచుగా వస్తుంది కాబట్టి, ఫలితం లేనంతమాత్రాన గుర్తు లేదనుకోకూడదు. ఎంహెచ్‌సీ-2 (పరాయి కణమని ఒంటికి తెలియజేసే గుర్తు) స్థాయిని తప్పక చూడాలి, ముఖ్యంగా కణాలు వేరే గుర్రానికి ఇవ్వబోతుంటే.

ఎముక, మృదులాస్థి, కొవ్వుగా మారే పరీక్షలు కూడా చేయాలి. కొవ్వుగా మార్చే ద్రావణంలో గుర్రపు కణాలకు చాలా ల్యాబులు కుందేలు సీరం వాడతాయి. ఎఫ్‌బీఎస్‌ను తప్పించడానికి ఇంత శ్రమపడి మళ్లీ ఇదేమిటని అనిపించవచ్చు. పరీక్ష కోసం పక్కకు తీసిన ఆ కణాలు గుర్రానికి వెళ్లవు కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

సిరంజిలోకి ఎక్కించే రోజు చిట్టా:

- లైసేట్ లాట్ సంఖ్య, దాతల సంఖ్యలు గుర్రం కేసు షీటులో రాశారా?
- కణాలను గుర్రపు సీరం కలిపిన ద్రవంతో కాక, ఫాస్ఫేట్ సెలైన్‌తో మూడు సార్లు కడిగారా?
- హెపారిన్ వాడినట్లయితే చివరి కడుగు తర్వాత అది మిగలకుండా చూశారా?
- చివరి మీడియం నుంచి తీసిన కల్చర్, ఎండోటాక్సిన్ ఫలితాలు వచ్చాయా?
- బతికి ఉన్న కణాలు 80 శాతానికి తగ్గకుండా ఉన్నాయా?
- పందెం గుర్రమైతే ఈ చికిత్స గురించి రేసింగ్ అధికారుల నిబంధనలను ట్రైనర్‌తో కలిసి చూశారా?
- దాచి ఉంచిన నమూనా, ఒక్క గొట్టమైనా, ఫ్రీజర్‌లో మిగిలిందా?